పేర్లు రాసి పెట్టుకోవాల్సిన ఫోటో

శ్రీశైలం డ్యాము నీళ్లలో మునిగి ఉండే సంగమేశ్వరంలో నీళ్లు తగ్గి గుడి తేలిందని వింటే నాకు కర్నూలులో ఉండబుద్ధి కాదు. ఆత్మకూరు బస్సెక్కాను. నందికొట్కూరు దాకా నిలబడే ప్రయాణం. ఆత్మకూరులో ఉగ్గాని, బజ్జి తిని ఆటో అడిగితే పోను రాను 1,200 అన్నారు. గుడి తేలిన నెలల్లో ఈ రేట్లు ఎప్పుడూ ఉండేవే అయినా ఒళ్లు మండింది. ఎలాగో బేరమాడి ఎక్కాను. వేపదారు లింగం, బురద మెట్లు, నెర్రెలిచ్చిన ఒండ్రు, ఇవన్నీ మీలో చాలామంది చూసే ఉంటారు, వాటి గురించి రాయను.

తిరుగుదారిలో ఆటో అబ్బాయితో మాటల్లో పాత ఊళ్ల ప్రస్తావన వచ్చింది. వాళ్లదీ ఆ డ్యాము ముంపులో పోయిన ఊరేనట. "మా అవ్వ కాడ పాత ఊరి ఫోటో ఉండాదన్నా, సూస్తావా?" అన్నాడు. అంతే, బస్సు టైము సంగతి మర్చిపోయాను.

వాళ్లింట్లో గోడకి దేవుడి పటాల పక్కన వేలాడుతోంది ఆ ఫోటో. పెళ్లి ఫోటో. అంచుల్లో వెండి మెరుపు తేలింది, కింది మూల చెదలు తిన్నాయి, తేమకి బొమ్మ అద్దానికి అతుక్కుపోయింది. ఆ అబ్బాయి ఫ్రేము విప్పబోతుంటే గట్టిగా వద్దన్నాను. అలా అతుక్కున్న ఫోటోని లాగితే పైపొర అద్దంతో పాటే వచ్చేస్తుంది, మనుషుల ముఖాలతో సహా. పటం పటంగానే దించి, వాకిట్లో నీడకి తెచ్చి, ఫ్లాష్ ఆపేసి, నా తువ్వాలు అడ్డం పెట్టి అద్దంలో మెరుపు పడకుండా తీసుకున్నాం.

పెళ్లికొడుకు, పెళ్లికూతురు, చుట్టాలు, వీళ్లని ఇంట్లో అందరూ గుర్తుపడతారు. నా చూపు మాత్రం వాళ్ల వెనక్కి పోయింది. మట్టిమిద్దె, దాని మీద ఆరబోసిన ఏవో గింజలు, అరుగు, కుడివైపు మూల మూడు మెట్లు. "ఆ మెట్లు ఏందివవ్వా?" అని అడిగితే, "పీర్ల సావిడివి నాయనా, మొహర్రం పది దినాలూ మేమాడనే ఉంటాంటిమి" అంది. తలపాగాతో ఓరగా నిలబడినాయన తలారట, కళ్లజోడాయన కరణం. 1984లో కరణాల పదవులే పోయాయి, ఇక ఆయన్ని కరణంగా గుర్తుపట్టే వాళ్లు ఆ ఇంట్లో అవ్వ ఒక్కతే. ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కరినీ చెప్పించాను. వెనక వరసలో ఒకామె దగ్గర మాత్రం గొడవ వచ్చింది. అవ్వ తన చిన్నాడబిడ్డ అంటుంది, పక్కింటి తాత కాదంటాడు, ఆమె ఆ ఏడు కాన్పుకి పుట్టింటికి పోయిందని ఆయన వాదన. ఇద్దరి మాటా అలాగే ఉంచాను.

శ్రీశైలం డ్యాముకి 1963లో నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1981లో ఈ ఊళ్లు ఖాళీ చేయించారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి వంద దాకా ఊళ్లు పోయాయి. గుళ్లని మాత్రం బాగానే కాపాడుకున్నారు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయికీ నంబరు వేసి విప్పి అలంపురంలో నిలబెట్టారు, రూపాల సంగమేశ్వరుడు కర్నూలు శివార్లలో జగన్నాథగట్టు ఎక్కాడు. సంతోషమే, నేను రెండు చోట్లకీ వెళ్లి దండం పెట్టుకున్నవాణ్నే. కానీ అవ్వ వాళ్ల పీర్ల చావిడికి ఎవరు నంబరు వేశారు? ఆ మెట్లు ఇప్పుడు ఈ చెదలు తిన్న ఫోటోలోనే ఉన్నాయి, అవి ఏ మెట్లో అవ్వ నోట్లో ఉంది. ఇంకో పదేళ్లు పోతే ఫోటో మిగిలినా అందులో ఉన్నది ఏ ఊరో చెప్పేవాళ్లుండరు.

నాకు నిజంగా బాధనిపించింది ఆ తర్వాత. అబ్బాయి తన ఫోన్ తీసి, అదే ఫోటోని ఏదో యాప్‌లో పెట్టి రంగులు వేయించానని చూపించాడు. ప్రేమతోనే చేశాడు, అందుకని గట్టిగా ఏమీ అనలేకపోయాను. పెళ్లికూతురి ముక్కుపుడక మాయం. తలారి ముఖం నున్నగా ఎవరో సినిమా మనిషిలా. మట్టిమిద్దె కాస్తా స్లాబు ఇల్లయింది, మెట్ల చోట పూలకుండీ మొలిచింది. అవ్వకి చూపిస్తే కాసేపు చూసి, "ఎవరిండ్లలో పెండ్లిరా ఇది?" అంది. రంగులు వేసుకోండి, సరదా తీర్చుకోండి, కానీ అసలు ఫోటోని ఉన్నదున్నట్టు, గీతలతో, చెద తిన్న మూలతో సహా వేరుగా దాచుకోండి. ఫోటో వెనక పేర్లు రాసేటప్పుడు బాల్ పెన్ను కాకుండా మెత్తటి పెన్సిలు వాడండి. ఇంటిపేరు, వరస, ఊరు, ఫోటో తీసిన చోటు, ఇవి చాలు.

జొన్నరొట్టె, చెనక్కాయల పొడి పెట్టి గానీ పంపలేదు. చివరి బస్సు పోయింది, నందికొట్కూరు దాకా షేర్ ఆటోలో మళ్లీ వదిలింది నా డబ్బు. ప్రింటు వేయించి తెస్తానని మాటిచ్చాను, కింద పేర్లు కూడా వేయించి. అవ్వ వాకిలి దాకా వచ్చి మళ్లీ చెప్పింది: "ఆ ఎనకాలామె మా చిన్నాడబిడ్డే నాయనా. ఆ ముసలోడి మాట రాయబాకు."