మొదటి నెలకు ఎన్ని కార్లు?

ధర్మవరంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పటికి సాయంత్రమైంది. బ్యాగులో రెండు జతల బట్టలు, లాప్‌టాప్, యాభై మీటర్ల టేపు, తీగ చివర లోహపు ముక్కను నొక్కి బిగించే ఒక క్రింపింగ్ టూల్, నారింజ రంగు హైవోల్టేజీ కేబుల్ చుట్ట. ఈ కేబుల్ ఎందుకని మా ఆవిడ అడిగింది. విశాఖ ఐటీఐలో పిల్లల చేతికిచ్చి చూడాలని చెప్పాను.

మేము పెట్టబోయే ఎలక్ట్రిక్ కార్ల ఫ్యాక్టరీకి స్థలాలు చూసి రమ్మని మా టీమ్ నన్ను పంపింది. ఏడాదికి 50 వేల కార్లతో మొదలుపెట్టి లక్షన్నరకు వెళ్లాలన్నది ప్లాన్. తూత్తుకుడిలో వియత్నాం కార్ల కంపెనీ విన్‌ఫాస్ట్ వాళ్లు 400 ఎకరాల్లో సరిగ్గా ఇవే అంకెలతో 2025 ఆగస్టులో మొదలుపెట్టారు. అదీ రేవు పట్నమే. అందుకే మా వాళ్ల కళ్లు విశాఖ మీద పడ్డాయి. నా ధీమా మాత్రం పెనుకొండ నుంచి వచ్చింది. కియా వాళ్లు 2017 ఏప్రిల్‌లో ఒప్పందం చేసుకుంటే 2019 ఆగస్టుకల్లా సెల్టోస్ అమ్మకానికి వచ్చేసింది. ఎర్రమంచి దగ్గర బీడు నేల మీద ఏడాదికి 3 లక్షల కార్లు తీయగల ఫ్యాక్టరీ లేవడం నేను కళ్లారా చూశాను. అదే ఊపులో మా ఎక్సెల్ షీట్‌లో మొదటి నెల ఉత్పత్తి 2,000 కార్లని రాసుకున్నాను.

మర్నాడు పొద్దెక్కాక అనకాపల్లి దాటాం. స్టేషన్లో ఎవరో బెల్లం బుట్ట ఎక్కించారు, పెట్టంతా ఆ వాసనే. విశాఖ స్టేషన్లో మావయ్య ఎదురొచ్చాడు. స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ముప్పై ఏళ్ల పైన పనిచేసి రిటైరైన మనిషి. "ఏరా అల్లుడూ, కార్ల కంపెనీ పెడతన్నావంట?" అని నా బ్యాగు లాక్కున్నాడు.

ఆయన ఇల్లు అగనంపూడి నిర్వాసితుల కాలనీలో. గేటు తీయబోతే కిర్రుమంది. కింది మడతబందు నా వేళ్ల మధ్యే పొరలు పొరలుగా రాలింది, ముదురు గోధుమ రంగు అప్పడంలా. చేతికి తుప్పు అంటుకుంది. "రెండేళ్లు కాలేదు అది పెట్టి. ఉప్పుగాలి మరి, దేన్నీ వదల్దు" అన్నాడు. ఊడిన ముక్కను కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాను. సముద్రం పక్కన కారు బాడీ తయారుచేస్తే, వెల్డింగ్ అయ్యాక పెయింట్ షాపులో మొదటి పూత పడేదాకా ఎంతసేపు బయట ఉంచవచ్చు? మా ప్లాన్‌లో ఈ ప్రశ్న లేదు. వారాంతానికి ఆగిన బాడీలన్నీ మూసిన షెడ్డులోనే ఉండాలి. ఇనుప రేకులు వచ్చిన రోజు నుంచీ పైకప్పు కింద ఉండాలి. ఆ ఒక్క ముక్కతో గోడౌన్ వైశాల్యం లెక్క మారిపోయింది.

రాత్రి అన్నాల దగ్గర నేను హుషారుగా అన్నాను, "ఉక్కు పక్కనే ఉంది కదా మావయ్యా, రవాణా ఖర్చు కలిసొస్తుంది" అని. ఆయన చారు పోసుకుంటూ తల అడ్డంగా ఊపాడు. "ఏటి, మా ప్లాంటు ఉక్కుతో కారు చేద్దామనా? మేం తీసేది కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్లు, రౌండ్లు. కారు ఒంటికి కావల్సింది మిల్లీమీటరు మందం రేకు. అది మా దగ్గర లేదు." నిజమే. విశాఖ ఉక్కు తీసేదంతా పొడవు సరుకు. జింకు పూత వేసిన పల్చటి రేకు చుట్టలు వేరే చోటి నుంచి రావలసిందే. ఊళ్లో స్టీల్ ప్లాంటు ఉంటే కార్ల ఫ్యాక్టరీకి సగం పని అయిపోయినట్టే అనుకునేవాళ్లు నాలాగే చాలామంది ఉంటారు.

ఇక్కడ నిజంగా కలిసొచ్చేది రేవు. బ్యాటరీ సెల్స్ మేము తయారు చేయం. సెల్ లోపల తడి తగిలితే రసాయనాలు పాడైపోతాయి కాబట్టి దాన్ని చేసే డ్రై రూములో గాలిని ఎండబెట్టి ఎండబెట్టి మంచుబిందువు (గాలిలోని తేమ పేరుకోవడం మొదలయ్యే ఉష్ణోగ్రత) మైనస్ 40 డిగ్రీలకో, ఇంకా కిందకో దింపుతారు. నవంబరులో కూడా చొక్కా ఒంటికి అంటుకునే విశాఖలో ఆ పని చేయాలంటే కరెంటు బిల్లు మోయలేం. సీలు చేసిన సెల్స్ కంటైనర్లలో తెప్పించుకుంటాం. అవి ప్రమాదకర సరుకు కింద తొమ్మిదో తరగతిలోకి వస్తాయి కాబట్టి దింపడానికీ దాచడానికీ కట్టుబాట్లు ఉంటాయి. ఇక్కడ వాటిని ప్యాక్‌గా కూర్చి, నీరు చొరబడకుండా లీక్ టెస్ట్ చేసి, కారు కింద బిగిస్తాం. బాడీకి కింది భాగాన్ని జత చేసే ఆ చోటుని ఫ్యాక్టరీల్లో మ్యారేజ్ స్టేషన్ అంటారు. ఆ మాట వినగానే అత్తయ్య నవ్వేసింది, "ముహూర్తం కూడా పెడతారా?" అంది.

రెండో రోజు అచ్యుతాపురం వెళ్లాం. బట్టల కంపెనీల బస్సులు వరసగా ఆడపిల్లలను దింపుతున్నాయి. ఒక్క గేటు దగ్గరే ఎన్ని వందల మందో! మొదటి స్థలం పూడిమడక వైపు, అలల చప్పుడు వినబడేంత దగ్గర. టేపు పట్టి కొలుస్తుంటే గాలికి అది విల్లులా వంగిపోయింది. నేను గేటు ముక్క తీసి చూసుకున్నాను. ఆ స్థలాన్ని అక్కడే కొట్టేశాను. రెండోది సబ్బవరం వైపు, లోపలికి. ఎత్తు నేల, హైవే దగ్గర. నచ్చింది.

తిరుగు దారిలో స్టీల్ ప్లాంటు గేటు దగ్గర మావయ్య బండి ఆపించాడు. గోడకు అవతలి వైపు చెయ్యి చూపించాడు. "మా ఊరు అక్కడ. నూతి పక్కన చింతచెట్టు, దాని వెనక మా ఇల్లు." ప్లాంటు కోసం 64 గ్రామాలు ఖాళీ అయ్యాయి. 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేస్తే 1992లో పి.వి. నరసింహారావు చేతుల మీదుగా జాతికి అంకితమైంది. మొదటి ఫర్నేసు గోదావరి, రెండోది కృష్ణ. మూడోది అన్నపూర్ణ రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. "చోటు ముందే వదిలారు కాబట్టి 30 లక్షల టన్నుల నుంచి 73 లక్షలకి వెళ్లగలిగాం" అని ఆయన గర్వంగా చెప్పాడు. వెంటనే గొంతు తగ్గింది. "చోటు వదిలారు గానీ, చోటు ఇచ్చినోళ్లందరికీ ఉద్యోగాలు రాలేదురా. నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు నాకు పనికొచ్చింది. మా పక్కింటాయన ఆ కార్డు బీరువాలో పెట్టుకునే పోయాడు."

నేను ఏమీ అనలేకపోయాను. మా ప్లాన్‌లో విస్తరణ కోసం తూర్పు గోడను విప్పదీసేలా కట్టాలని రాసుకున్నాం, కరెంటు సబ్‌స్టేషన్‌కీ పెయింట్ షాపుకీ ముందే అదనపు చోటు పెట్టుకున్నాం. భూమి ఇచ్చే ఇళ్లలో ఎవరికి ఏ పని నేర్పాలో ఒక్క వరస కూడా లేదు. భూమి రిజిస్ట్రేషన్ కన్నా ముందు ఆ ఊళ్లలోని పిల్లల జాబితా తయారవ్వాలి. ఈ విషయంలో మా టీమ్‌తో పేచీ పడటానికైనా నేను సిద్ధం.

మూడో రోజు కంచరపాలెం ఐటీఐ. అక్కడి మాస్టారు ఎంతో ఆదరంగా లోపలికి తీసుకెళ్లారు. కేబుల్ బల్ల మీద పెట్టి, పై తొడుగు ఒలిచి, లోపల జల్లెడలా అల్లిన తీగను వెనక్కి మడిచి, చివర లగ్ అనే లోహపు ముక్క ఎక్కించి క్రింప్ చేయడం ఒకసారి చేసి చూపించాను. నక్కపల్లి నుంచి రోజూ వస్తానన్న ఒక అమ్మాయి ముందుకొచ్చింది. మొదటిసారి ఆమెకు ఆరు నిమిషాల పైన పట్టింది, ఒక పోగు తెగింది కూడా. తెగిన పోగును వేలితో తడిమి చూసింది. బ్లేడు పట్టుకునే వాలు మార్చింది. ఐదోసారికి నాలుగు నిమిషాలు. పదోసారికి ఫోన్‌లో స్టాప్‌వాచ్ 2 నిమిషాల 40 సెకన్ల దగ్గర ఆగింది. లగ్ పట్టుకుని గట్టిగా లాగాను, కదల్లేదు.

ఏడాదికి 50 వేలంటే, 300 పనిదినాలకు రోజుకు 167 కార్లు. ఒకటే షిఫ్టు, విరామాలు పోగా 440 నిమిషాలు. అంటే ప్రతి 158 సెకన్లకు ఒక కారు కదలాలి. ఆ అమ్మాయి పదోసారికి దాదాపు ఆ వేగం అందుకుంది. కానీ లైన్‌లో ఉండేది ఆమె ఒక్కతే కాదు. 80 స్టేషన్లున్న లైన్‌లో ఒక్కో స్టేషన్ నూటికి 99 సార్లు సరిగ్గా చేసినా, ఎక్కడా ఏ తప్పూ లేకుండా చివరిదాకా వచ్చే కార్లు నూటికి 45. మిగతా 55 పక్కకు లాగి సరిచేయాల్సిందే. మొదటి నెలలో 99 కూడా రాదు. 2017 చివరికి వారానికి 5,000 మోడల్ 3 కార్లు తీస్తామన్న టెస్లా ఆ అంకె అందుకునేసరికి 2018 జూన్ చివరి వారమైంది. అదీ అమెరికాలో తమ ఫ్రీమాంట్ ఫ్యాక్టరీ దగ్గర ఆరుబయట గుడారం వేసి ఇంకో లైన్ పెట్టుకున్నాక. మరీ ఎక్కువ ఆటోమేషన్ పెట్టడం తప్పైందని మస్క్ స్వయంగా ఒప్పుకున్నాడు. నేను ఇదివరకు పనిచేసిన ఒక విడిభాగాల కంపెనీలోనూ మనుషులకు పని అర్థం కాకముందే రోబోలు దింపారు. ముక్కను కదలకుండా పట్టి ఉంచే ఫిక్స్చర్ రెండు మిల్లీమీటర్లు పక్కకుంది. మూడు వారాల సీటు ఫ్రేములు తుక్కు కిందికి పోయాయి. తప్పు ఎక్కడుందో కనిపెట్టింది పాత వెల్డర్ ఒకాయన, చేత్తో తడిమి.

కేబుల్ చుట్ట, టూల్ ఆ ఐటీఐలోనే వదిలేశాను. ఆ రాత్రి బీచ్ రోడ్డులో కాసేపు తిరిగాం, ముంత మసాలా తిన్నాం. మావయ్య మర్నాడు స్టేషన్‌కొచ్చి కిటికీలోంచి చెయ్యి పట్టుకుని, "ఎంతమందిని తీసుకుంటారు మొదట?" అని మాత్రం అడిగాడు. రెండు వందల మందిని, లైన్ మొదలవడానికి ఎనిమిది నెలల ముందే తీసుకోవాలని అడుగుతానని చెప్పాను. తలూపాడు.

తుని దాటాక లాప్‌టాప్ తెరిచాను. ట్రైనింగ్ షెడ్డును అసెంబ్లీ షెడ్డు కన్నా ముందు వరసలోకి జరిపాను. గోడౌన్ పెంచాను. గ్రామాల పేర్లకు కొత్త కాలమ్ పెట్టాను. ఆఖరున మొదటి నెల ఉత్పత్తి దగ్గరున్న 2,000 చెరిపేసి, 60 అని కొట్టాను.