ఆ పద్నాలుగు నెలలు

మొన్న ఒక ఇంటర్వ్యూలో నా రెజ్యూమె చూస్తూ ఓ కుర్రాడు అడిగాడు: "సర్, 2009 జూన్ నుంచి 2010 ఆగస్టు దాకా ఏం చేశారు?" ఆ ఏడాది అతను ఐదో తరగతిలో ఉండి ఉంటాడు.

ఇంజనీరింగ్ మూడో ఏడాది చివర్లోనే క్యాంపస్‌లో సెలెక్టయ్యాను. అమ్మ వీధంతా స్వీట్లు పంచింది. 2008 సెప్టెంబర్‌లో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది, మాంద్యం ముదిరింది. 2009 జనవరి 7న, కంపెనీ లెక్కలు తప్పుగా చూపించానని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. నా జాయినింగ్ డేటు జులై అన్నారు, తర్వాత డిసెంబర్ అన్నారు, ఆ తర్వాత మెయిల్సే రాలేదు.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక హాస్టల్, గదికి ఐదుగురం. జావా అయ్యాక టెస్టింగ్ టూల్స్, అదయ్యాక ఒరాకిల్. రెండేళ్ళు ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టేయమని అందరూ చెప్పారు. పెట్టలేదు. నిజాయితీ అనుకునేరు, దొరికిపోతానని టెన్షన్, అంతే. నాన్న ఫోన్లో ఉద్యోగం మాటే ఎత్తేవాడు కాదు. "తిన్నావా?" అని అమ్మకి ఇచ్చేసేవాడు. చుట్టాల పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను.

చివరికి దొరికింది నెలకు 9 వేల సపోర్ట్ ఉద్యోగం. మా కాలేజీలోనే నాకన్నా ఏడాది ముందు పాసైన సీనియర్ (మార్కులు నాకే ఎక్కువ, చెప్పకూడదు గానీ) 25 వేలతో మొదలుపెట్టాడు. 16 వేలే కదా, అందుకుంటాలే అనుకున్నా. కానీ కంపెనీ మారిన ప్రతిసారీ హెచ్ఆర్ అడిగేది ఒకటే: "కరెంట్ సీటీసీ (అంటే ఇప్పటి జీతం ప్యాకేజీ) ఎంత?" దాని మీద ఓ 30 శాతం వేస్తారు. ఇద్దరం రెండేసి కంపెనీలు మారేసరికి నాకు 15 వేలు, ఆయనకి 42 వేలు. పెంపు శాతం ఇద్దరికీ ఒకటే. 16 వేల తేడా మాత్రం 27 వేలైంది.

లీసా కాన్ అనే ఆర్థికవేత్త అమెరికాలో 1979-89 మధ్య డిగ్రీ చేసిన తెల్లజాతి మగవాళ్ళ జీతాలు పరిశీలించింది. మాంద్యంలో బయటికొచ్చినవాళ్ళు పదిహేనేళ్ళ తర్వాత కూడా వెనకే ఉన్నారట. నేను అది చదివేసరికి నాకూ పదిహేనేళ్ళు దాటాయి. నాకది కొత్త విషయంలా అనిపించలేదు.

జీతం సంగతి అలా ఉంచితే, అడగడం అనేది నాలో పోయింది. పోయినేడు మేనేజర్ "ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నావ్?" అంటే, మనసులో ఉన్న అంకెలోంచి రెండు లక్షలు నేనే తీసేసి చెప్పాను. ఆయన ఇంకా బేరం మొదలే పెట్టలేదు.

ఆ కుర్రాడికేమో "అప్‌స్కిల్లింగ్" అని చెప్పాను. తలూపి రాసుకున్నాడు.