టాస్మన్ 1642 ప్రయాణం: గీత న్యూజిలాండ్ చేరింది

డచ్ నావికుడు ఏబెల్ టాస్మన్ లాగ్‌బుక్‌లోని అంకెలతోనే ఆయన దారిని కాగితం మీద గీస్తున్నాను. మారిషస్ నుంచి టాస్మానియా దాకా పూర్తయింది. హీమ్స్‌కెర్క్, జీహాన్ అనే ఆయన రెండు ఓడలు ఇప్పుడు న్యూజిలాండ్ పడమటి తీరం దగ్గరున్నాయి.

రెండు ఏ2 షీట్లు అడ్డంగా అతికించి, రేఖాంశం డిగ్రీకి ఒక సెంటీమీటరు పెట్టాను. మెర్కేటర్ గడి (ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అక్షాంశాల మధ్య దూరం పెరిగే పటం) కాబట్టి 42 డిగ్రీల దక్షిణాన అక్షాంశం డిగ్రీకి సుమారు 1.35 సెం.మీ. వస్తుంది. డచ్ మైళ్లను కిలోమీటర్లలోకి మార్చే శ్రమ అక్కర్లేదు. డిగ్రీకి 15 మైళ్లు, అంటే మైలుకు 4 నిమిషాలు (డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం). ఓడ ఏ అక్షాంశం మీద ఉందో అక్కడే, షీటు అంచున ఉన్న అక్షాంశ స్కేలు మీద డివైడర్‌తో కొలిస్తే చాలు. రేఖాంశాలు కానరీ దీవుల్లోని టెనెరిఫ్ శిఖరం నుంచి లెక్కించినవి, నేటి గ్రీనిచ్ రేఖాంశాలు రావాలంటే వాటిలోంచి దాదాపు 16.6 డిగ్రీలు తీసేయాలి.

నవంబర్ 24న టాస్మానియా కనిపించిన చోట అక్షాంశం బాగా కుదిరింది. రేఖాంశం మాత్రం రెండు డిగ్రీలకు పైగా తూర్పుకు జరిగింది. అక్షాంశానికి సూర్యుడున్నాడు, రేఖాంశానికి ఓడ వేగం, దిశ, ఇసుక గడియారం తప్ప ఏమీ లేవు. పైగా ఆ రోజుల్లో దిక్సూచి ముల్లు నిలకడగా లేదని, దగ్గర్లో అయస్కాంత రాతి గనులున్నాయేమోనని ఆయనే రాసుకున్నాడు. ఇవన్నీ తెలిశాక ఆ రెండు డిగ్రీలు నాకు చాలా తక్కువనిపించాయి. అందుకే నేటి తీరరేఖను ముందు గీయకండి. ట్రేసింగ్ పేపర్ మీద చివర్లో వేయండి.

న్యూజిలాండ్‌కు వేరే షీటు, డిగ్రీకి 4 సెం.మీ. డిసెంబర్ 19న మావోరీల (న్యూజిలాండ్ మూలవాసుల) దాడిలో నలుగురు నావికులు చనిపోయిన చోటుకు టాస్మన్ హంతకుల అఖాతం అని పేరు పెట్టాడు. అది న్గాటీ టూమాటాకోకిరి అనే మావోరీ తెగ ప్రజల తీరం, నా షీటు మీద మొహువా అనే మావోరీ పేరే రాశాను.

అక్కడి నుంచి తూర్పుకు గీస్తుంటే న్యూజిలాండ్ రెండు పెద్ద దీవుల మధ్య ఉన్న కుక్ జలసంధి నోరు దాదాపు ముందే ఉంటుంది. పోటు ఆగ్నేయం నుంచి వస్తోంది, దారి ఉండొచ్చని ఓడలో చర్చ జరిగింది కూడా. కానీ గాలి కలిసిరాలేదు, డిసెంబర్ 26న ఉత్తరానికి తిరిగారు. కాబట్టి అక్కడ తీరాన్ని మూయకుండా చుక్కల గీత పెట్టాను. న్యూజిలాండ్ ఉత్తర కొసకు దగ్గర్లోని త్రీ కింగ్స్ దీవుల నుంచి టోంగా దాకా గడి గీయడం మొదలైంది.