మామిడి కొమ్మ నీడ

మొత్తానికి మా సోలార్ గదిలో ఫ్యాన్ తిరిగింది! పర్లాకిమిడిలో అమ్మమ్మ పెరట్లో నలుగురం తెలుగువాళ్లం, ఇద్దరు ఒడియా స్నేహితులు కలిసి సెలవులన్నీ దీనికే పెట్టేశాం. అమెరికాలో 2002లో మొదలైన సోలార్ డెకాథ్లాన్ గురించి చదివాక పట్టిన పిచ్చి ఇది, అందులో విద్యార్థులే ఎండతో నడిచే ఇల్లు గీసి, కట్టి, పది అంశాల్లో పోటీ పడతారు (2014లో ఐఐటీ బాంబే జట్టు ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ దాకా వెళ్లింది).

ప్యానెళ్లు దక్షిణం వైపు, మా ఊరి అక్షాంశానికి తగ్గట్టు సుమారు 19 డిగ్రీల వాలులో పెట్టాం, వేడెక్కితే కరెంటు తగ్గుతుందని కింద గాలాడేలా జానెడు ఖాళీ కూడా వదిలాం. అయినా మూడు గంటలయ్యేసరికి కరెంటు ఒక్కసారిగా పడిపోయేది. రెండు రోజులు వైర్లన్నీ విప్పి చూశాం, ఒకటే టెన్షన్.

చివరికి అమ్మమ్మ వచ్చి "ఒరే, మామిడి కొమ్మ నీడ పడుతోంది, కనబడట్లేదట్రా?" అంది. వరసగా కలిపిన ప్యానెళ్లలో ఒక్కదాని మీద నీడ పడినా మొత్తం వరసకి దెబ్బేనని పరీక్షల్లో రాసొచ్చినవాళ్లమే! కొమ్మ కొట్టనివ్వలేదు, ప్యానెళ్లే జరిపాం. ఇప్పుడు ఆ ఫ్యాన్ కింద మంచం ఆవిడదే.