ముప్పై మీటర్ల లోతున హేవ్‌లాక్ సముద్రం

మావారి ఉద్యోగం యూఏఈలోని ఫుజైరాలో ఉన్న రోజుల్లో స్కూబా డైవింగ్ నేర్చుకున్నాను. శుక్రవారం వస్తే చాలు, అల్ అకా తీరంలోని స్నూపీ ఐలాండ్ చుట్టూ నీళ్ళలోనే ఉండేవాళ్ళం. తర్వాత పిల్లల చదువులు, కాకినాడ తిరిగి రావడం, అత్తగారి మంచం... ఏళ్ళు గడిచిపోయాయి. డైవింగ్ మొదటి కోర్సు పూర్తిచేసినందుకు ఇచ్చే ఓపెన్ వాటర్ కార్డు మాత్రం బీరువాలోనే ఉంది. దానికి గడువు తేదీ ఉండదు. రిటైరయ్యాక ఒకరోజు దాన్ని బయటికి తీసి, ఈసారి అడ్వాన్స్‌డ్ కోర్సు కూడా చేయాలని నిశ్చయించుకున్నాను. పిల్లలు భయపడ్డారు. మావారు మాత్రం టికెట్లు బుక్ చేసి, "నేను ఒడ్డున కూర్చుంటాలే" అన్నారు.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. డైవింగ్‌కి ముందు నింపే ఆరోగ్య పత్రంలో నలభై అయిదు దాటినవాళ్ళకి వేరే ప్రశ్నలుంటాయి: పొగ తాగుతారా, రక్తపోటు ఉందా, కొలెస్టరాల్ ఎక్కువా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెజబ్బుతో పోయారా? వీటిలో ఒక్కదానికి అవునన్నా డాక్టరు సంతకం తప్పనిసరి. నాకు బీపీ ఉంది. ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష రెండూ అయ్యాకే ఆయన సంతకం పెట్టారు. ఈ పత్రంలో అన్నింటికీ 'కాదు' అని టిక్కు పెట్టేసి వెళ్ళేవాళ్ళున్నారని విన్నాను. దయచేసి ఎవరూ అలా చేయకండి.

ఫిబ్రవరిలో చెన్నై మీదుగా అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ చేరాం. 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం. అక్కణ్ణించి ఫెర్రీలో హేవ్‌లాక్. దానికీ 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ, పడవల మీదా, జనం నోళ్ళలోనూ ఇంకా హేవ్‌లాకే. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు స్థిరపడిన దీవి ఇది. గోవింద్‌నగర్, విజయ్‌నగర్, రాధానగర్ అని ఊళ్ళ పేర్లు. భోజనంలో ఆవపిండి వేసిన చేపల కూర. డైవ్ బోట్ల మీద మాత్రం కరెన్ జాతివాళ్ళు చాలామంది కనిపిస్తారు. వీళ్ళ పూర్వీకులను 1925లో బ్రిటిష్‌వాళ్ళు బర్మా నుంచి తెచ్చి మాయాబందర్ వైపు స్థిరపరిచారు.

మా బోటులో సిలిండర్లు సర్దే కుర్రాడు నా మాట విని తిరిగి చూశాడు. "ఏ ఊరమ్మా మీది?" వాళ్ళ తాతది శ్రీకాకుళం తీరమట, చేపల వేటకొచ్చి పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో ఉండిపోయాడట. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్‌లో పదమూడు శాతం దాకా తెలుగు మాట్లాడేవాళ్ళే ఉన్నారు. అయినా, నడిసముద్రంలో ఆ ఉత్తరాంధ్ర యాస వింటుంటే ప్రాణం లేచొచ్చింది. "ఏటమ్మా, ఎప్పుడూ దిగలేదా?" అన్నాడు. "దిగాను బాబూ, చాలాకాలమైంది" అన్నాను.

ముందుగా రిఫ్రెషర్, అంటే పాత పాఠాలు మళ్ళీ చేయించడం. నీమో రీఫ్ దగ్గర ఒడ్డు నుంచే నడుచుకుంటూ లోపలికి వెళ్ళొచ్చు. మాస్క్‌లో నీళ్ళు నింపి ముక్కుతో ఊది బయటికి పంపడం, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌ని తీసి మళ్ళీ పెట్టుకోవడం, బడ్డీతో, అంటే జంటగా దిగేవాళ్ళతో గాలి పంచుకోవడం. చేతులు వాటంతటవే గుర్తుతెచ్చుకున్నాయి. మా ఇన్‌స్ట్రక్టర్ పుణె అమ్మాయి, నా కూతురికన్నా చిన్నది. ఆమె నన్ను మోకాళ్ళ మీద నిలబెట్టి పరీక్షలు పెట్టలేదు. నీళ్ళలో తేలుతూనే చేయించింది. మా రోజుల్లో ఇసుకలో మోకరించి నేర్చుకునేవాళ్ళం. ఇప్పటి పద్ధతే మంచిదనిపించింది.

ఎందుకంటే డైవింగ్ అంతా తేలడంలోనే ఉంది. పైకి లేవకుండా, కిందికి దిగిపోకుండా ఉన్నచోటే నిలవడం. ఉపరితలం దగ్గర ఒక వాతావరణ పీడనం, పది మీటర్ల దగ్గర రెండు, ముప్పై దగ్గర నాలుగు. అంటే మొదటి పది మీటర్లలోనే పీడనం రెట్టింపై, తేలడానికి ఒంటి మీద వేసుకునే గాలి జాకెట్‌లోని గాలి సగానికి కుంచించుకుపోతుంది. అందుకే లోతుకన్నా పైపైనే నిలకడ కష్టం. జాకెట్‌లోకి గాలి కొద్దిగా వదిలాక మిగతాదంతా ఊపిరితిత్తులతోనే. పీలిస్తే జానెడు లేస్తాం, వదిలితే జానెడు దిగుతాం. నా పక్కన ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళు కాళ్ళు తెగ కొడుతూ గాలి ఖర్చుచేసుకుంటుంటే నేను నెమ్మదిగా ఊపిరి తీస్తూ ఉండిపోయాను. ఏళ్ళ తరబడి చేసిన ప్రాణాయామం ఇక్కడ నిజంగా అక్కరకొచ్చింది. ఈ వయసులో మొదలుపెట్టడానికి సంకోచించేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. ఇక్కడ తొందర లేనివాళ్ళదే పైచేయి.

ఆ నిలకడ పగడాల కోసం కూడా. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి. 2016లోనూ ఆ దెబ్బ తగిలింది. పగడపు ఒంట్లో ఉండి దానికి తిండిపెట్టే సూక్ష్మమైన నాచు, నీళ్ళు ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కి వారాలపాటు అలాగే ఉంటే బయటికి పోతుంది. మిగిలేది తెల్లటి అస్థిపంజరం. లోతులేని చోట్ల విరిగిన కొమ్మల గుట్టలు చూశాను, అన్నం మెతుకులు చల్లినట్టు. వాటి మధ్యే గోరంత కొత్త పగడాలు మొలుస్తున్నాయి. కాలికి తొడుక్కున్న ఒక్క ఫిన్ తగిలితే ఆ ఎదుగుదల మళ్ళీ మొదటికొస్తుంది. నలుగురికి ఒక గైడుని పెట్టి ఫొటోల కోసం కొత్తవాళ్ళని పగడాలకి ఆనించి నిలబెట్టేవాళ్ళని చూస్తే కడుపు మండింది.

అడ్వాన్స్‌డ్ కోర్సులో లోతు, దిశ తెలుసుకోవడం తప్పనిసరి, మిగతావి మనం ఎంచుకోవచ్చు. నేను ముందు నిలకడే ఎంచుకున్నాను. దిశ పాఠంలో దిక్సూచి పట్టుకుని చతురస్రంగా ఈది మొదలుపెట్టిన చోటికే రావాలి. అమ్మాయి ఇంకో కిటుకు చెప్పింది: అడుగున ఇసుకలో అలల గీతలు దాదాపుగా ఒడ్డుకి సమాంతరంగా ఉంటాయి. వాటికి అడ్డంగా, లోతు తగ్గే వైపు వెళితే ఒడ్డు.

లోతు డైవ్ డిక్సన్స్ పినకిల్ అనే నీటిలోని రాతి శిఖరం దగ్గర. కార్డుతో ఇన్నాళ్ళూ నా హద్దు పద్దెనిమిది మీటర్లు, ఇప్పుడు ముప్పై. తాడు పట్టుకుని, ముక్కు మూసి చెవుల్లోకి గాలి ఊదుతూ దిగాం. అడుగుకి చేరాక అమ్మాయి పలక మీద అంకెలు ఇచ్చి వరుసగా వేలితో చూపించమంది. పడవ మీద చిటికెలో చేసిన పనికి అక్కడ ఎక్కువసేపు పట్టింది. ఆ లోతులో నైట్రోజన్ మత్తు ఎక్కిస్తుంది. నాకు అది ఆనందంగానే అనిపించింది, ప్రమాదం కూడా ఆ ఆనందంలోనే ఉంది. తర్వాత ఎర్ర రంగు కార్డు చూపించింది. మట్టి రంగులో ఉంది. టార్చి వేయగానే కుంకుమలా భగ్గుమంది! నీరు ఎరుపుని ముందే మింగేస్తుందని చదివాను గానీ, కళ్ళ ముందు చూడటం వేరు. రాతి చుట్టూ ఫ్యూజిలియర్ చేపల గుంపులు, వాటి పైన బరాకుడా చేపలు. సింహచేప ఒకటి కదలకుండా చూస్తూ ఉంది. ఆ లోతులో డైవర్ల పాత పట్టికల లెక్కన ఉండగలిగింది ఇరవై నిమిషాలే. గాలి కూడా ఉపరితలం మీదకన్నా నాలుగింతలు ఖర్చవుతుంది. నిదానంగా పైకి వచ్చి, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి, ఒంట్లో పేరుకున్న నైట్రోజన్‌ని కొంత వదిలించుకుని తేలాం.

మిగిలిన నైట్రోజన్ కూడా పోవాలి కాబట్టి చివరి డైవ్ అయ్యాక పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదు. ఆ రోజు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఆగి సెల్యులార్ జైలు చూశాం. రాత్రి జంగ్లీఘాట్‌లో ఇడ్లీ తింటూ మావారితో రెస్క్యూ కోర్సు గురించి మాట్లాడాను. దానికి గడిచిన ఇరవై నాలుగు నెలల్లో సీపీఆర్, ప్రథమ చికిత్స శిక్షణ తీసుకుని ఉండాలి. కాకినాడ రాగానే ఆ శిక్షణకి పేరిచ్చాను. మావారూ తన పేరిచ్చారు.