మనవల ముందు నోరు జారే చోట్లు

ఆలోచించి మాట్లాడాలని తాతలకూ నానమ్మలకూ ఎవరూ చెప్పక్కర్లేదు. చిక్కల్లా, మూడేళ్ళ మనవరాలు పాలగ్లాసు పట్టుకుని హాల్లోకి నడిచొస్తుంటే ఆలోచించే వ్యవధి ఉండదు. మన చిన్నప్పుడు విన్న మాటే నోటికొస్తుంది: "ఒలకబోస్తవ్!" కాబట్టి ఆలోచించే పనేదో ముందే కానిచ్చి, ఎక్కడ నోరు జారుతుందో అక్కడికి మరో మాట సిద్ధం చేసుకోవాలి.

ఆ "ఒలకబోస్తవ్"లో ఏం జరగకూడదో ఉంది, ఏం చేయాలో లేదు. పైగా కేకకు ఉలిక్కిపడి పిల్ల మన వైపు తిరుగుతుంది, గ్లాసు వంగుతుంది. "రెండు చేతులతో పట్టుకో, మెల్లగా నడువు" అంటే చేతులకూ కాళ్ళకూ పని దొరుకుతుంది. ఆ వయసులో ఒకేసారి ఇంతకు మించి చెప్తే ఏదో ఒకటి మరిచిపోతారు. అసలు గ్లాసు సగమే నింపితే ఏ మాటా అక్కర్లేదు. "ఉరకకు" బదులు "నడువు", "ఒర్రకు" బదులు "మెల్లగా చెప్పు".

పడినప్పుడు పిల్లలు ముందు మన మొహం చూస్తారు. మనం "అయ్యయ్యో" అన్నామా, లేని ఏడుపు కూడా వస్తుంది. మనసులో మూడు అంకెలు లెక్కపెట్టి, "ఎక్కడ తగిలింది, చూపించు" అంటే చాలు. నేలను కొట్టి "చూడు, దాన్ని కొట్టినా" అనే అలవాటు మన ఇళ్ళలో తరతరాలది. తప్పు ఎప్పుడూ నేలదే అయితే, కాలి కింద చూసుకోవడం ఎప్పుడు నేర్చుకోవాలి? తలకు దెబ్బ తగిలి వాంతులవుతున్నా, మగతగా ఉన్నా మాత్రం ఊరడింపులతో ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

అన్నం తినకపోతే "పోలీసోడికి పట్టిస్తా" అనడం మనకు మామూలు. జనవరిలో హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్, నుమాయిష్, గుర్తుచేసుకోండి. ఆ రద్దీలో చెయ్యి వదిలిన పిల్లవాడు వెళ్ళాల్సింది ఖాకీ బట్టల మనిషి దగ్గరికే. ఇంట్లో ఏడాదంతా ఆయన్ని బూచోణ్ణి చేసి పెడితే, ఆయన్ని చూసి ఇంకా దూరం పరుగెత్తుతాడు. ఆ బెదిరింపు మానేసి, బయల్దేరే ముందు జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టి, "తప్పిపోతే పోలీసంకుల్‌కి ఇది చూపించు" అని చెప్పండి. "సూది వేయిస్తా" కూడా ఇలాంటిదే. ఐదేళ్ళకు డీపీటీ బూస్టర్ టీకా ఎలాగూ ఉంటుంది. ఇన్నాళ్ళూ శిక్షగా చెప్పిన సూదికి ఆ రోజు చెయ్యి చాపమంటే ఎలా చాపుతాడు? "నొప్పే ఉండదు" అన్నా అబద్ధమే అవుతుంది. "కొంచెం నొప్పి ఉంటది, పది లెక్కపెట్టు" అనండి.

మాట ఇచ్చే ముందు క్యాలెండర్ చూడాలి. "సోమవారం జూపార్క్ పోదాం" అనేస్తాం. నెహ్రూ జూపార్క్‌కు సోమవారం సెలవు. నాలుగేళ్ళ వాళ్ళకు "కాసేపాగు" అంటే ఎంతో తెలియదు. "కుక్కర్ మూడు విజిల్స్ వచ్చినంక" అంటే వాళ్ళే లెక్కపెట్టుకుంటారు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది చావు గురించి అడిగినప్పుడు. "తాత నిద్రపోయిండు" అంటే పిల్లలు పడుకోవడానికే భయపడొచ్చు. "ఊరికి పోయిండు" అంటే తలుపు చప్పుడైనప్పుడల్లా చూస్తారు. "తాత చనిపోయిండు. ఆయన శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఇక తిరిగి రాడు" అనడం పెద్దవాళ్ళకే కష్టం, అయినా అలాగే చెప్పాలి. నలుగురూ వచ్చి వెళ్ళే పదిరోజుల ఇంట్లో, పిల్లలకు ఏం చెప్పాలో ఒకే మాట అనుకోవాలి. తలా ఒక కథ చెప్తే పిల్లలు దేన్ని నమ్మాలి? అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతారు, విసుక్కోకుండా ఆ మాటే చెప్పాలి.

మామూలు ప్రశ్నలకైతే మనం త్వరపడకుంటే చాలు. టీచర్లు ప్రశ్న అడిగాక సెకను కూడా ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970లలో చూపించారు. ఇంట్లోనూ అంతే. "స్కూల్లో ఏం చేసినవ్?" అని అడిగి, "ఆడుకున్నవా?" అని జవాబూ మనమే అందించేస్తాం.

పక్కనే ఉన్న పిల్లవాడు వినడం లేదనుకుని ఫోన్లో అనే మాటలు మరో రకం. "వీడు ఏం తింటలేడు, అంతా వాళ్ళమ్మ గారాబమే." ఆ ఒక్క వాక్యంలో వాడికి రెండు అందాయి: తాను తినని పిల్లవాడు, అమ్మ మాటకు ఈ ఇంట్లో విలువ లేదు. మర్నాడు అమ్మ వద్దన్న ఐస్‌క్రీమ్ కోసం నేరుగా నానమ్మ దగ్గరికే వస్తాడు. కోడలితో చెప్పాల్సింది ఉంటే వాడు పడుకున్నాక చెప్పాలి. వాడొచ్చి అడిగితే "అమ్మ ఏమంది?" అని ముందు కనుక్కోవాలి.

ఇంత చేసినా నోరు జారుతుంది. జారితే ఆ పూటే సరిచేయాలి, అదీ ఒక్క ముక్కలో: "కోపంలో అన్నా బిడ్డా, నిన్ను ఎవ్వరికీ పట్టియ్య." దాని వెనక "కానీ నువ్వు కూడా..." అని తగిలించకూడదు. చాక్లెట్ అసలే ఇవ్వకూడదు. ఇచ్చారంటే, తాత మళ్ళీ ఎప్పుడు కోప్పడతాడా అని వాడే కాచుకుని కూర్చుంటాడు.