మంద మధ్యలో ఉండేవాడే పెద్ద (1 పేతురు 5:1-4)

మన క్రైస్తవ సంఘాల్లో కొత్త పెద్దల్ని నిలబెట్టే ఆదివారం బైబిల్లో పేతురు మొదటి పత్రికలోని ఈ నాలుగు వచనాలు తప్పకుండా చదువుతారు. "మీ మధ్యనున్న దేవుని మందను పైవిచారణ చేయుచు దానిని కాయుడి" అని పాస్టరు గారు చదువుతుంటే పెద్దలు తలొంచుకుని నిలబడతారు, చేతులుంచి ప్రార్థన చేస్తారు, అందరం ఆమేన్ అంటాం, ఆ తర్వాత మళ్ళీ కమిటీ మారేదాకా ఆ మాట ఎవరికీ గుర్తుకి రాదు. నాకు బాధనిపించేది అక్కడే. పేతురు ఆ మాటలు ఏ సందర్భంలో రాశాడో చూస్తే, పెద్ద అన్నవాడు రోజూ పొద్దున్న భయభక్తులతో చదువుకోవాల్సిన మాటలవి.

ఒక్క పేజీ వెనక్కి తిప్పండి. నాలుగో అధ్యాయం 17వ వచనంలో "తీర్పు దేవుని ఇంటియొద్ద ఆరంభమగు కాలము వచ్చియున్నది" అని రాసి, రెండు వచనాలు దాటగానే "మీలోని పెద్దలను హెచ్చరించుచున్నాను" అంటాడు. ఈ రెండూ పక్కపక్కన ఊరికే పడలేదని నా నమ్మకం. యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో కూడా తీర్పు పరిశుద్ధస్థలం దగ్గరే మొదలవుతుంది, అది కూడా మందిరం ముందరున్న పెద్దలతో మొదలవుతుంది. అంటే దేవుడు లెక్క అడిగితే ముందు అడిగేది వెనక చాప మీద కూర్చున్న ముసలమ్మని కాదు, ముందు కుర్చీలో కూర్చున్న మనల్నే. ఈ మాట రాస్తుంటే నాకే వణుకు పుడుతోంది, కానీ వాక్యం అలాగే ఉంది మరి.

ఇంకో సంగతి చూడండి, పేతురు తనని తాను ఏమని చెప్పుకున్నాడు? పత్రిక మొదట్లో అపొస్తలుడనని రాసుకున్నాడు, కానీ పెద్దలతో మాట్లాడే చోటుకి వచ్చేసరికి "తోటిపెద్దను" అన్నాడు. పొంతు, గలతియ, కప్పదొకియ, ఆసియ, బితునియ అనే ప్రాంతాల్లో చెదిరిపోయి శ్రమలు పడుతున్న చిన్న చిన్న సంఘాలవి, అక్కడి పెద్దలకి ఈయన పేరు వింటేనే గౌరవం, అయినా పైనుంచి ఆర్డరు వేసినట్టు రాయలేదు. ప్రభువుని ఎరగనని మూడుసార్లు బొంకినవాడు, తిబెరియ సముద్రం ఒడ్డున బొగ్గుల మంట దగ్గర "నా గొఱ్ఱెలను మేపుము" అని ప్రభువు నోటే విన్నవాడు, గొర్రెలు ఎవరివో ఆయనకి బాగా తెలుసు. "నా గొఱ్ఱెలు" అన్నాడు ప్రభువు, నీ గొర్రెలు అన్లేదు. మనవాళ్ళు "మా సంఘం, నేను కట్టిన సంఘం, మా నాన్నగారి టైములో కట్టిన గుడి" అంటుంటే నాకు ఆ ఒడ్డు గుర్తొస్తుంది.

మా విజయనగరం వైపు కోతలైపోయాక రైతులు ఎరువు కోసం పొలాల్లో గొర్రెల మంద పెట్టించుకుంటారు, చాలామంది చూసే ఉంటారు. రాత్రి మంద అంతా ఆ మడిలోనే పడుకుంటుంది, కాపరి కూడా ఇంటికి పోడు, గొంగళి కప్పుకుని ఆ వాసనలోనే పడుకుంటాడు, కుక్క మొరిగితే లేచి కర్ర పట్టుకుని ఒక చుట్టు తిరుగుతాడు. తెల్లారి మంద కదిలేటప్పుడు చూడండి, వందల్లో ఉన్నా కుంటుతున్నది ఏదో ఆయనకి ఇట్టే కనబడుతుంది, పట్టుకుని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని గిట్టల మధ్య ముల్లు తీసి, చీము పిండి, ఏదో పసరు రాసి వదుల్తాడు, నడవలేని పిల్లని భుజం మీద వేసుకుంటాడు. "మీ మధ్యనున్న మంద" అని పేతురు అన్నది దీన్నే. దూరంగా గట్టు మీద నిలబడి అదిలిస్తే సరిపోదు, మంద మధ్యలో పడుకోవాలి.

యెహెజ్కేలు 34లో దేవుడు ఇశ్రాయేలు కాపరుల మీద పెట్టిన కేసు కూడా ఇదే కదా, బలహీనమైనవాటిని బలపరచలేదు, రోగంతో ఉన్నవాటిని బాగుచెయ్యలేదు, గాయపడినవాటికి కట్టు కట్టలేదు, తప్పిపోయినవాటిని వెదకలేదు, కఠినంగా ఏలారు. అక్కడ ప్రసంగం బాగా చెప్పలేదని గాని మందిరానికి రంగులెయ్యలేదని గాని ఒక్క మాట లేదు.

మరి మన జిల్లాల్లో కుంటుతున్న గొర్రె ఎవరు? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఏ సంఘానికెళ్ళినా కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్ళు ఉంటారు, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళొచ్చి నీళ్ళు కూడా కొలిచి తాగుతూ మంచం మీద ఉంటారు, ఆదివారం గుడికి రాలేరు, రాలేదని పేరు రిజిస్టరులోంచి మెల్లగా జారిపోతుంది. యాకోబు 5:14 ప్రకారం రోగి సంఘపు పెద్దల్ని పిలిపించాలి, వాళ్ళు వచ్చి నూనె రాసి ప్రార్థన చెయ్యాలి, అంటే ఇది పాస్టరు గారి ఒక్కరి పని కాదు, పెద్దలందరి పని. తీరంలో ఊళ్ళ సంగతి చూస్తే మగాళ్ళు బోట్ల మీద పనికి గుజరాత్‌లో వేరావల్‌కి పోతారు, నెలల తరబడి ఇంటికి రారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన మన జాలర్లు పాకిస్తాన్‌వాళ్ళకి చిక్కి ఏడాది పైన కరాచీ జైల్లో ఉండి 2020 జనవరిలో గాని వాఘా దాటి రాలేదు, ఆ ఏడాదంతా ఆ ఇళ్ళలో పొయ్యి ఎలా వెలిగిందో ఆ ఆడవాళ్ళకే తెలుసు. 2018 అక్టోబరులోనే తిత్లీ తుపాను కొట్టి పలాస చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కొబ్బరి చెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఎన్నేళ్ళో మనకి తెలుసు కదా, తుపాను వారంలో బియ్యం పంచి ఫొటోలు తీసుకున్నవాళ్ళు చాలామంది, మూడో ఏడు ఆ గుమ్మం తొక్కినవాళ్ళు తక్కువ. జూట్ మిల్లు మూతపడి జీతాలు ఆగిన ఇళ్ళు, హైదరాబాదు చెన్నై కూలికి పోయినోళ్ళు వదిలెళ్ళిన ముసలాళ్ళు, వీళ్ళంతా మనకి అప్పగించబడిన మందే.

పాలకొండ వైపు ఒక పల్లె సంఘంలో ఒక పెద్దాయన్ని చూశాను. రిటైరైన టీచరు, చేతిలో పాత నోటు పుస్తకం ఉంటుంది, ఆదివారం ఎవరు రాలేదో అందులో రాసుకుని సోమవారం సాయంత్రం సైకిలేసుకుని బయల్దేరతాడు. గుమ్మంలోకెళ్ళి "ఆరాధనకి ఎందుకు రాలేదు" అని అడగడు, అరుగు మీద కూర్చుని "ఏటప్పా, రెండు వారాలయింది కనబడ్నేదు, ఒంట్లో బావున్నేదా?" అంటాడు. ఆవు ఈనిందా, కొడుకు డబ్బులు పంపాడా, కోడలు ఎలా ఉంది, అన్నీ అయ్యాక ఒక కీర్తన, ఒక చిన్న ప్రార్థన, అంతే. ఆయన మైకు దగ్గరికి రావడం నేను చూళ్ళేదు. కానీ ఆ ఊళ్ళో ఎవరింట్లో గొడవొచ్చినా ముందు ఆయన కోసమే కబురెళ్తుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఇది చెప్తే కొందరికి కోపం వస్తుందని తెలుసు. "దుర్లాభాపేక్షతో కాక సిద్ధమనస్సుతోను" అని రాశాడు పేతురు. మన సంచిలో పడే కానుక ఎలాంటి డబ్బో ఒకసారి తలుచుకోండి, ఉపాధి పనికెళ్ళిన కూలి, జీడిపిక్కలు కొట్టిన చేతులకి మసి అంటుకుని నల్లబడ్డాక వచ్చిన కూలి, మన తల్లులు అన్నం వండే ముందు పక్కన తీసిపెట్టే పిడికెడు బియ్యం. దాని లెక్క అడిగితే "పెద్దల్నే అనుమానిస్తావా" అనడం ఎంత తప్పు! యెరూషలేము పేదల కోసం పోగైన చందా తీసుకెళ్ళేటప్పుడు పౌలంతటివాడే ఒక్కడే మోసుకెళ్ళలేదు, సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని తోడుంచుకున్నాడు, ఎవరూ మా మీద తప్పు మోపకూడదని, ప్రభువు ముందే కాదు మనుషుల ముందు కూడా సరిగ్గా ఉండాలని రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయంలో రాసుకున్నాడు. అలాంటిది మనమెంత? ఆరాధన అయిన వెంటనే ఇద్దరు ముగ్గురు కలిసి అందరి ముందు లెక్కపెట్టి పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాలి, నెలకోసారి లెక్క చదివి నోటీసు బోర్డు మీద పెట్టాలి, బ్యాంకు అకౌంటు ఒక్కరి పేరు మీద ఉండకూడదు. దీనికి పెద్ద చదువులేం అక్కర్లేదు.

మూడో వచనంలో పేతురు "ప్రభువులైనట్టుండక" అన్న మాట దగ్గర మన ప్రాంతానికి చెప్పుకోవాల్సిన బాధ ఇంకోటుంది. కులం, ఇంటిపేరు, పార్టీ, ఇవి గుడి గుమ్మం బయటే ఆగాలి, కానీ కమిటీ ఎన్నికలొస్తే లోపలికి వచ్చేస్తున్నాయి, రెండు వర్గాలైపోయి, గుడికి తాళాలు పడి, కోర్టుకెళ్ళిన సంఘాలు కూడా ఉన్నాయి, ఒక్క తల్లికి పుట్టినోళ్ళు ఒక బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకోలేకపోతున్నారు. మూడో యోహాను పత్రికలో దియొత్రెఫే అనే ఆయన ఉన్నాడు, మొదటి స్థానం కోరేవాడు, సహోదరుల్ని చేర్చుకోడు, చేర్చుకునేవాళ్ళని సంఘంలోంచి వెలివేస్తాడు. ఆయన గురించి ఉన్నవి రెండు వచనాలే, పేరు మాత్రం ఇన్ని వందల ఏళ్ళు అలాగే ఉండిపోయింది.

పెద్ద తప్పు చేస్తే? ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద నింద వినొద్దని 1 తిమోతి 5:19, అది న్యాయమే, ఊరికే బురద జల్లేవాళ్ళు ఉంటారు. ఆ వచనం గట్టిగా పట్టుకున్న మనం తర్వాతి వచనం వదిలేస్తున్నాం, పాపం చేసినవారిని అందరి ముందు గద్దించమని ఉంది అక్కడ. ముఖ్యంగా ఒక ఆడపిల్ల ఏడుస్తూ వచ్చి ఫలానా ఆయన నాతో ఇలా ప్రవర్తించాడని చెప్తే "సంఘం పరువు పోద్ది, ఊరుకోమ్మా" అని పంపేసే పెద్దలు మందని తోడేలుకి అప్పగించినట్టే. ఆ పిల్ల మాట వినండి, తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టండి, అది నేరమైతే పోలీసు స్టేషనుకి మీరే తోడెళ్ళండి. పరువు క్రీస్తు చూసుకుంటాడు.

ఇన్ని చెప్పాను గాని మన పల్లె సంఘాల్లో ఎక్కువమంది పెద్దలు రూపాయి తీసుకోకుండా, డ్యూటీ దిగొచ్చి అలసటతోనే ప్రార్థన కూటానికి పరిగెత్తేవాళ్ళే. సమాధి గుంత తవ్వించేది వాళ్ళే, అర్ధరాత్రి పురిటి నొప్పులకి ఆటో మాట్లాడేది వాళ్ళే. పౌలు మిలేతులో ఎఫెసు పెద్దల్ని పిలిపించి చేతులు చూపించి "నా నిమిత్తమును నాతో ఉన్నవారి నిమిత్తమును ఈ చేతులు కష్టపడ్డాయి" అన్నట్టు చెప్పగలిగినవాళ్ళు మన మధ్యన ఉన్నారు. అలాంటివాళ్ళని గౌరవించమని కూడా వాక్యం చెప్తోంది, ఐదో వచనంలో చిన్నవారితో పెద్దలకి లోబడి ఉండమని అన్నాడు పేతురు, వెంటనే అందరూ ఒకరి ఎడల ఒకరు దీనమనసు వస్త్రంలా కట్టుకోమన్నాడు. వాళ్ళు అలసిపోకముందే కుర్రాళ్ళని, ఆడవాళ్ళని పక్కన తిప్పుకుని పని నేర్పాలి, పౌలు తాను వెళ్ళిన చోట్ల సంఘాల్లో పెద్దల్ని ఏర్పరచాడు గాని ఒక్కడి మీద వదిలేసి పోలేదు.

నవంబరులో క్రిస్మస్ కమిటీ కూర్చుంటుంది, వలసెళ్ళినోళ్ళు కూడా పండక్కి తిరిగొస్తారు. స్టేజీకెంత, లైటింగుకెంత, బిర్యానీకెంత అని రాసే ముందు ఆ కాగితం మీద డయాలసిస్‌కి వెళ్ళే ఇళ్ళ పేర్లు, మనిషి దూరంలో ఉన్న ఇళ్ళ పేర్లు, అలిగి గుడి మానేసిన ఇళ్ళ పేర్లు రాయండి పెద్దలారా, ఏ ఇంటికి ఎవరు ఏ రోజు వెళ్తారో అక్కడే పంచుకోండి, లైటింగు లెక్క ఆ తర్వాత చూసుకుందాం.